పెంటయ్య: బతకాలని పెట్టిన పేరు

మా తాత పేరు పెంటయ్య. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున మా ఊరు. రాష్ట్రం మహారాష్ట్రే అయినా ఇంట్లో, వాకిట్లో, చేలో వినిపించేది తెలుగే. నా చిన్నప్పుడు ఊళ్ళో ఇంకో ఇద్దరు పెంటయ్యలుండేవాళ్ళు. తికమక పడకుండా ఒకాయన్ని పొడుగు పెంటయ్య అనీ, వల వేసే ఆయన్ని చేపల పెంటయ్య అనీ పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళలో ఆ పేరున్న మనిషి ఒక్కరూ లేరు.

బళ్ళో ఎవరో ఆ పేరు విని నవ్వితే, నాకు ఏడుపొచ్చి ఇంటికొచ్చి అడిగాను. "తాతా, నీకు గింత పాడు పేరు ఎందుకు పెట్టిండ్రే?" తాత చుట్ట పక్కన పెట్టాడు. "నా కన్న ముందు ఇద్దరు పుట్టి పోయిండ్రు బిడ్డా. నేనన్న బతకాల్నని పెట్టిండ్రు" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆ ఇద్దరికీ పేర్లు పెట్టేదాకా కూడా ఆయుష్షు లేదని తర్వాతెప్పుడో అవ్వ చెప్పింది.

పట్నం తెలుగులో పెంట అంటే తిట్టు. "అంతా పెంట చేశాడు" అంటారు. మా వైపు పెంట అంటే ఎరువు. పేడ, ఎడ్లు తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలో బూడిద, ఊడ్చిన చెత్త అన్నీ ఏడాది పొడుగునా ఒకచోట కుప్ప పోస్తారు. తొలకరికి ముందు బండ్ల మీద పెంట తోలుతారు. ఎవరి వాకిట్లో పెంటకుప్ప పెద్దదైతే వాళ్ళకి గొడ్డూ గోదా ఎక్కువని లెక్క. నల్లమలలో చెంచుల గూడేలని కూడా పెంటలనే అంటారు. కాబట్టి ఆ మాట పుట్టుకతో బూతు కాదు. పశువు ఉన్న ఇంటి మాట, చేను ఉన్న ఇంటి మాట. పశువులు పోయి, యూరియా బస్తా వచ్చి, కుప్ప కనపడకుండా పోయాక ఆ మాటలో వాసన ఒక్కటే మిగిలింది.

పేరు పెట్టే తంతు ఇలా జరిగేదట. బిడ్డని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద కాసేపు ఉంచేవాళ్ళు. పక్కింటామె వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు ఎత్తుకునేది. తల్లి ఆ బిడ్డని గుప్పెడు తవుడో నూకలో ఇచ్చి "కొనుక్కునేది". పిల్లల్ని ఎత్తుకుపోయే చెడు ఏదో ఉందనీ, అది ముద్దొచ్చే బిడ్డనే వెతుక్కుంటూ వస్తుందనీ నమ్మకం. ఇది పనికిరానిది, పారేసింది అని పేరుతోనే చెప్పేస్తే చూడకుండా పోతుందని ఆశ. సుశ్రుత సంహిత పసిపిల్లల్ని పట్టే బాలగ్రహాలు తొమ్మిది అని లెక్కపెట్టింది. అంత పాత భయం ఇది. నన్ను కదిలించేది మాత్రం పేరు చివర ఉన్న 'అయ్య'. పెంట అన్నది ఆ చెడు వినడానికి. అయ్య అన్నది ఊరు వినడానికి. ఒకే మాటలో సగం అబద్ధం, సగం గౌరవం.

ఈ పేరుకి తెలుగునాట అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లిస్తే పుల్లయ్య. అడుక్కొచ్చిన బియ్యంతో సాకితే భిక్షమయ్య, భిక్షపతి. తవుడిచ్చి కొంటే తవిటయ్య, ఉత్తరాంధ్రలో తవిటినాయుడు. మా పక్కనే ఉన్న మరాఠీ ఊళ్ళల్లో దగడూ, ధోండూ. రెండిటికీ అర్థం రాయే. వితంతువుల చదువు కోసం జీవితమంతా పాటుపడి, 1958లో భారతరత్న అందుకుని, 104 ఏళ్ళు బతికిన మహర్షి కర్వే పూర్తి పేరు ధోండో కేశవ్ కర్వే. ఆ ధోండోలో ఉన్నదీ ఆ రాయే.

ఇంకా దూరం వెళ్ళినా ఇదే కథ. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే పేరుంది, కుక్క తినకుండా వదిలేసింది అని అర్థం. తుర్కియేలో దుర్సున్ అంటే ఉండిపోనీ అని. నేను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఈజిప్టు సంగతికి. రోమన్ల కాలంలో అక్కడ రాసిన పపైరస్ కాగితాల మీద కోప్రెయుస్, కోప్రియా లాంటి పేర్లు బోలెడు దొరికాయి. గ్రీకులో కోప్రియా అంటే పెంటకుప్ప. కుప్ప మీద వదిలేస్తే ఎవరో తెచ్చి పెంచుకున్న పిల్లలకి పెట్టిన పేర్లని కొందరు పండితులు అంటారు, దిష్టి తగలకుండా పెట్టినవని ఇంకొందరు. మా ఊరి తంతు తెలిసినవాళ్ళకి ఈ రెండు మాటలూ వేరువేరుగా కనిపించవు. నైలు ఒడ్డున ఒక పెంటయ్య, ప్రాణహిత ఒడ్డున ఒక పెంటయ్య. ఒకరి గురించి ఒకరికి తెలియకుండా రెండుచోట్లా తల్లులు ఒకే పని చేశారు.

ఇంతకీ ఆ పిల్లలు ఎందుకు పోయేవాళ్ళు? కారణాలు చాలా. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, న్యుమోనియా, రక్తంలో ఇన్‌ఫెక్షన్, విరేచనాలు. వీటిలో ఒకదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది ధనుర్వాతం. బిడ్డ బాగానే పుడుతుంది, రెండు మూడు రోజులు పాలు తాగుతుంది. వారం తిరిగేసరికి దవడ బిగుసుకుంటుంది, చనుమొన అందించినా పట్టుకోదు. ముట్టుకుంటే చాలు, ఒళ్ళు విల్లులా వంగుతుంది. ఏదో పట్టి లాగుతున్నట్టే ఉంటుంది. చూసినవాళ్ళు గాలి సోకిందని అనుకున్నారంటే తప్పు పట్టలేం.

దీన్ని తెచ్చేది క్లాస్ట్రిడియం టెటాని అనే బాక్టీరియా. దాని బీజాలు మట్టిలోనూ పశువుల పేడలోనూ ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. గాలి ఆడని పుండు దొరికితే మేలుకుంటాయి. కోసిన బొడ్డుతాడు మొదలు అలాంటి చోటే. కొడవలితోనో వెదురు పేడుతోనో బొడ్డు కోసి, దాని మీద పేడో బూడిదో అద్దితే బీజాలకి దారి దొరికినట్టే. అక్కడ తయారైన విషం నరాల వెంట వెన్నుపాముకి చేరి, కండరాలని వదులు చేసే సంకేతాలని ఆపేస్తుంది. కండరం బిగుసుకోవడమే కాని సడలడం ఉండదు. బిడ్డని దాచడానికి తీసుకెళ్ళిన పేడలోనే బిడ్డని చంపేది ఉంది. కుప్ప మీద ఒక్క నిమిషం ఉంచినందుకు జబ్బు రాదు, బొడ్డు మీద అద్దినందుకు వస్తుంది. ఆ తల్లులకి ఈ సంగతి చెప్పేవాళ్ళు అప్పుడు ఎవరూ లేరు.

చిన్న లెక్క వేద్దాం. పాత రోజుల్లో అయిదుగురు పిల్లల్లో ఒకరు ఏడాది నిండకుండా పోయేవారనుకోండి. మొదటి ఇద్దరూ పోయే తల్లి 25 మందిలో ఒకరుంటుంది. వంద గడపల ఊరికి ఇద్దరు ముగ్గురు పెంటయ్యలు అలా వచ్చినవాళ్ళే. అసలు లెక్క ఇంకా దారుణంగా ఉండేది. అదే గది, అదే కొడవలి, అదే తల్లి నీరసం కాబట్టి చావులు కొన్ని ఇళ్ళనే మళ్ళీ మళ్ళీ పట్టుకునేవి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాదిలోపు పోయారు. 2020కి అది 28. ఈ 28తో అదే లెక్క వేస్తే, మొదటి ఇద్దరినీ పోగొట్టుకునే తల్లి సుమారు 1,275 మందిలో ఒకరు. పెంటయ్య అనే పేరుకి కారణం యాభై రెట్లు తగ్గింది.

ఆ తగ్గడంలో మా జిల్లాకి పెద్ద పాత్ర ఉంది. మా వాళ్ళకే ఇది సరిగ్గా తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986లో గడ్చిరోలిలో సెర్చ్ అనే సంస్థ పెట్టారు. 39 ఊళ్ళల్లో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు. బిడ్డని తూయడం, వెచ్చగా చుట్టి ఉంచడం, పూసలున్న పరికరంతో నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టడం, ఇన్‌ఫెక్షన్ గుర్తుపట్టి ఇంటి దగ్గరే జెంటమైసిన్ ఇంజక్షన్ ఇవ్వడం నేర్పారు. పక్కన 47 ఊళ్ళని పోల్చి చూడడానికి ఉంచారు. మూడో ఏడాదికి ఆ 39 ఊళ్ళల్లో నెలలోపు పిల్లల చావులు పోలిక ఊళ్ళ కంటే 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు వచ్చి బిడ్డని చూడడానికి మూలం ఇక్కడే ఉంది. గర్భిణులకి ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూదులు, కాన్పుకి కొత్త బ్లేడు అందరికీ అందాక, 2015లో భారత్‌లో పురిటి ధనుర్వాతాన్ని అదుపు చేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అంటే ప్రతి జిల్లాలోనూ ప్రాణంతో పుట్టిన వెయ్యి మంది బిడ్డలకి ఒక కేసు కంటే తక్కువే అన్నమాట.

పేర్లు ఎలా పుడతాయి, ఎలా పోతాయి అన్నదాని మీద కూడా పరిశోధన ఉంది. 2003లో మాథ్యూ హాన్, అలెగ్జాండర్ బెంట్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికా పిల్లల పేర్లని పరిశీలించారు. ఎవరికివాళ్ళు చుట్టూ వినపడిన పేర్లలో ఒకదాన్ని ఊరికే అనుకరిస్తూ పోయినా, కొన్ని పేర్లు లక్షల మందికి ఉండడం, లెక్కలేనన్ని పేర్లు ఒకరిద్దరికే ఉండడం దానంతట అదే జరుగుతుందని చూపించారు. అరుదైన పేరుకి అందులో ఎప్పుడూ గండమే, ఎవరూ ఎత్తుకోకపోతే అదృష్టం చాలక మాయమైపోతుంది. పెంటయ్య పేరుకి ఈ లెక్క పట్టదు. దాన్ని ఎవరూ ముచ్చటపడి అనుకరించలేదు. ఒక్కో ఇంట్లో ఖాళీ అయిన ఊయలలోంచి అది కొత్తగా పుట్టేది. అలాంటి పేరు ఊళ్ళో ఎంతమందికి ఉందో చూస్తే, అంతకు ముందు ఎంతమంది పిల్లలు పోయారో తెలుస్తుంది.

తాత పేరు మనవడికి పెట్టడం మనకి ఆనవాయితీ. మా ఇంట్లో అక్కడే చిక్కొచ్చింది. పెట్టాలని ఉంది, పెడితే బళ్ళో ఏడిపిస్తారని టెన్షన్. చివరికి 'ప' అక్షరం మాత్రం నాకిచ్చారు. మిగతాది పోయింది.

అయితే పూర్తిగా పోలేదు. నది అవతల తెలంగాణలో మా మేనమామ పిల్లల పేర్లకి ముందు ఇంటిపేరు వస్తుంది, తండ్రి పేరు లోపలెక్కడో ఉంటుంది. ఇక్కడ మహారాష్ట్రలో మన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. 2024 మే 1 నుంచి పుట్టినవాళ్ళకి తల్లి పేరు కూడా కలుపుతున్నారు. అందుకే మా నాయిన ఆధార్‌లో, ఓటరు కార్డులో, సాత్‌బారా అనే భూమి రికార్డులో, అన్నిట్లో మధ్యన తాత ఉన్నాడు, దేవనాగరి లిపిలో.

మొన్న సాత్‌బారా కాపీ కోసం నాయినతో తలాఠీ ఆఫీసుకి, అంటే ఊరి భూమి లెక్కలు చూసే అధికారి దగ్గరికి వెళ్ళాను. తలాఠీ మరాఠీ మనిషి, తెలుగు రాదు. కాగితం తీసి అందరికీ వినపడేలా పేరు మొత్తం చదివాడు. పెంటయ్య అన్న దగ్గర ఆయన గొంతు ఎక్కడా ఆగలేదు, ఆయనకి అది ఒక పెద్దాయన పేరు, అంతే. వరసలో ఎవరూ తల తిప్పలేదు. నాయిన మరాఠీలో "హో", అంటే అవును అని లేచి, వెళ్ళి సంతకం పెట్టాడు.