‘అమ్మనంతవరకు నష్టం కాదు’: డబ్బు నిర్ణయాలపై అపోహలు, వాస్తవాలు

డబ్బు నిర్ణయాల్లో మనుషులు నిజంగా ఎలా నడుచుకుంటారో చూసేది ప్రవర్తనా అర్థశాస్త్రం. ఆ పేరు అనగానే ‘మనుషులు ఆలోచించకుండా ఖర్చు పెడతారు, అంతేగా’ అనేస్తారు చాలామంది. అంతే అయితే దానికో శాస్త్రం అక్కర్లేదు. తప్పులు ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే ఒకరివి ఇంకొకరివాటితో సరిపోయేవి. అలా జరగదు. అందరూ ఒకే వైపు ఒరుగుతారు, ఎటు ఒరుగుతారో ముందే చెప్పొచ్చు. అసలు విషయం అక్కడుంది.

అపోహ: చదువు, తెలివి లేనివాళ్లే ఇలా చేస్తారు.

2013లో సైన్స్ పత్రికలో తమిళనాడు చెరకు రైతుల మీద ఒక అధ్యయనం వచ్చింది. 464 మంది రైతులకు కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఒకసారి, కోత డబ్బులు వచ్చాక ఇంకోసారి ఆలోచనా పరీక్షలు పెట్టారు. కోత తర్వాత అదే రైతులు మెరుగ్గా చేశారు. మనిషి అతనే, మారింది చేతిలో డబ్బే. నెలాఖరులో సంతకం పెట్టిన లోను కాగితం, ఒకటో తారీఖు తర్వాత తీరిగ్గా చదివిన లోను కాగితం ఒకటి కావు. వీలైతే పెద్ద సంతకాలు ఒకటో తారీఖు తర్వాతికి వాయిదా వేయండి.

అపోహ: షేరు అమ్మనంతవరకు నష్టం కాదు.

ఈ మాట వినని ఇల్లు ఉండదేమో. 1998లో టెరెన్స్ ఓడీన్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక డిస్కౌంట్ బ్రోకరు దగ్గరున్న 10,000 ఖాతాలు పరిశీలించాడు. లాభంలో ఉన్నవాటిలో 14.8 శాతం అమ్మేశారు, నష్టంలో ఉన్నవాటిలో 9.8 శాతమే అమ్మారు. పైగా లాభానికి అమ్మేసిన షేర్లు, పట్టుకుని కూర్చున్న నష్టపు షేర్ల కంటే తర్వాతి ఏడాదిలో సుమారు 3.4 శాతం ఎక్కువ ఇచ్చాయి.

కారణం కొన్న ధర. కానెమన్, ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో చెప్పింది ఇదే: మనం మొత్తం ఆస్తిని చూడం, ఒక గుర్తు పెట్టుకుని దానికి పైనా కిందా అని చూస్తాం. వాళ్ల 1992 లెక్కలో నష్టం బరువు లాభానికి 2.25 రెట్లు తేలింది. (ఆ అంకెను ప్రకృతి నియమంలా చెప్పేవాళ్లను నమ్మకండి. మొత్తాన్ని బట్టి, మనిషిని బట్టి మారుతుంది.) బ్రోకరు యాప్ తెరవగానే సగటు ధర, పక్కనే ఎర్ర అంకె. ఆ గుర్తును రోజూ మన కళ్ల ముందు నిలబెట్టేది అదే.

100కి కొన్నది 40కి పడితే మళ్లీ 100 కావడానికి 150 శాతం పెరగాలి. ‘అసలు వస్తే చాలు, అమ్మేస్తా’ అనే ముందు ఈ అంకె కాగితం మీద రాసి చూడండి. తర్వాత షేరు పేరు, నేటి ధర, ఇంకా ఉంచుకోవడానికి కారణం మాత్రమే మరో కాగితం మీద రాయండి. కొన్న ధర రాయొద్దు. కారణం గడి ఖాళీగా ఉంటే సంగతి తేలిపోయినట్టే.

మన దేశపు పన్ను వైపు నుంచి చూస్తే ఈ అలవాటు ఇంకా విడ్డూరం. లాభానికి అమ్మితే పన్ను పడుతుంది. నష్టానికి అమ్మితే తగ్గింపు దొరుకుతుంది. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల మూలధన లాభాల్లోనూ మినహాయించుకోవచ్చు, దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోనే. మిగిలింది 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. అయితే రిటర్ను గడువులోగా వేయాలి. చాలామందికి ఈ హక్కు పోయేది ఇక్కడే.

నష్టంలో ఉన్నవాడు పందెం పెంచుతాడన్నది కానెమన్, ట్వర్‌స్కీ సిద్ధాంతంలో రెండో సగం. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరు నివేదిక ప్రకారం ఫ్యూచర్స్, ఆప్షన్లలో (షేరు ధర ఎటు కదులుతుందన్న దాని మీద చేసే ఒప్పందాలు) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. నష్టపోయినవాళ్లలో 75 శాతం పైగా వరుస నష్టాల తర్వాత కూడా ఆడుతూనే ఉన్నారు. స్టాప్ లాస్, అంటే ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరు, పెట్టుకుంటే సరిపోతుందా? పెట్టినవాళ్లే ధర దగ్గరకొచ్చేసరికి దాన్ని ఇంకొంచెం కిందికి జరుపుతారు. లిమిట్ ధరతో (ఇంతకంటే తక్కువకు అమ్మొద్దని) పెట్టిన ఆర్డరైతే మార్కెట్ ఒక్కసారిగా కింద తెరుచుకున్న రోజు అమలే కాకపోవచ్చు.

అపోహ: మునిగిన ఖర్చు అంటే వెంటనే వదిలేయమని.

మునిగిన ఖర్చు అంటే ఇప్పటికే పెట్టేసి, ఇక తిరిగిరాని డబ్బు. ఇది సగం చదివినవాళ్ల అపోహ. కట్టేసిన డబ్బును మరిచిపొమ్మన్నారు గానీ, పాలసీని వదిలేయమనలేదు. ఒక ఉదాహరణ. 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ (బీమాతో పాటు గడువు చివర్లో డబ్బు వచ్చేది), ఏటా 50,000, చివర్లో సుమారు 17.35 లక్షలు. మొత్తం మీద రాబడి ఏడాదికి దాదాపు 5 శాతం.

మూడేళ్లు కట్టాక సరెండర్ చేస్తే, అంటే మధ్యలో మూసేస్తే, 60,000 వస్తుందనుకుందాం. అక్కడి నుంచి కొనసాగిస్తే రాబడి సుమారు 6.4 శాతం. పదిహేనేళ్లు కట్టాక సరెండర్ విలువ 9 లక్షలు ఉందనుకుంటే మిగతా అయిదేళ్లకు 9 శాతం దాటుతుంది. పాలసీ ఒకటే, జవాబులు వేరు. మూడో ఏట ఆలోచించాల్సిన మనిషి ‘లక్షన్నర కట్టేశా’ అని ఆలోచించడు. పదిహేనో ఏట వీడియో చూసి మూసేస్తాడు.

మీ అంకెలతో చూసుకోవాలంటే ఎక్సెల్‌లో రేట్ (RATE) ఫార్ములా చాలు. వరుసగా అయిదు అంకెలు: మిగిలిన ప్రీమియంల సంఖ్య 5, ప్రీమియం -50000, నేటి సరెండర్ విలువ -900000, చివర్లో వచ్చేది 1735000, ప్రీమియం ఏడాది మొదట్లో కడతాం కాబట్టి 1. సరెండర్ విలువకు మైనస్ మరిచిపోతే లెక్క తలకిందులవుతుంది. బోనస్‌తో కలిపిన అంకె ఏజెంటు నోటిమాటగా కాక, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: పది శాతం ఫ్లాట్ వడ్డీ కంటే రూపాయి వడ్డీ ఎక్కువ.

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. లక్షకు 10 శాతం ఫ్లాట్, 36 నెలలంటే నెలకు 3,611. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం లక్ష మీదే వేశారు కాబట్టి నిజమైన రేటు దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. రెండు మూడేళ్ల లోనుకు ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే ఇంచుమించు సరిపోతుంది.

అపోహ: చిన్న చిట్కాతో అలవాట్లు మారిపోతాయి.

ఈ అపోహను పెంచింది మా రంగమే. 24 రకాల జామ్ పెడితే కొనేవాళ్లు తగ్గారన్న 2000 నాటి ప్రయోగం ప్రతి ఉపన్యాసంలో వినిపిస్తుంది. 2010లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే సగటు ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. ఫారం పైభాగంలో సంతకం పెట్టిస్తే నిజాయితీ పెరుగుతుందన్న 2012 పరిశోధన పత్రాన్ని 2021లో ఉపసంహరించారు. పత్రికల్లో అచ్చయిన అధ్యయనాల్లో చిట్కాల సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు. అమెరికాలో ప్రభుత్వాలతో పనిచేసే రెండు బృందాలు చేసిన ప్రయోగాలన్నీ కలిపితే 1.4. ఎదురుచూసిన ఫలితం రాకపోతే పేపరు అచ్చు కాదు, అందుకే ఈ తేడాలో పెద్ద భాగం.

గట్టిగా నిలబడింది, మన బద్ధకాన్నే పనికి పెట్టుకునే పద్ధతి. థేలర్, బెనార్ట్జీ అనే అర్థశాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన పథకంలో ఉద్యోగులు ‘జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం పెంచండి’ అని ముందే ఒప్పుకున్నారు. 40 నెలల్లో పొదుపు 3.5 నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికొచ్చే జీతం తగ్గదు కాబట్టి నష్టం అనిపించదు, ఆపాలంటే పనిగట్టుకుని ఆపాలి.

మన దగ్గర దీనికి దగ్గరిది స్టెప్ అప్ సిప్, అంటే మ్యూచువల్ ఫండ్‌లో కట్టే నెలవారీ వాయిదా ఏటా దానంతటదే పెరిగేది. పెంపు నెలను ఇంక్రిమెంట్ తర్వాతి నెలకు పెట్టండి. లెక్క తప్పేది బ్యాంకు మ్యాండేట్ (ఖాతా నుంచి వాయిదా తీసుకోవడానికి మనం ఇచ్చే అనుమతి) దగ్గర. 5,000తో మొదలై ఏటా 10 శాతం పెరిగితే పదో ఏట వాయిదా సుమారు 11,790. మ్యాండేట్ పరిమితి 10,000 పెట్టి ఉంటే ఎనిమిదో ఏట, వాయిదా 9,744 వరకు నడిచి, తొమ్మిదో ఏట 10,718 దగ్గర ఆగిపోతుంది. మొదటి రోజే 15,000 పరిమితితో పెట్టేయండి.