చందమామ వీపు వెనక

పాత ట్రాన్సిస్టర్‌లో మీడియం వేవ్ పెట్టి, దాన్ని చవక ఎల్‌ఈడీ బల్బు దగ్గరకో ఫోన్ ఛార్జర్ దగ్గరకో తీసుకెళ్లి చూడండి. చాలాసార్లు గరగరమని రొద మొదలవుతుంది. బల్బు వెలుగుతో పాటు రేడియో తరంగాలనూ చిమ్ముతోందన్నమాట.

రేడియో ఖగోళ శాస్త్రజ్ఞుల తలనొప్పి ఇదే. తొలి నక్షత్రాలు ఇంకా పుట్టని కాలంలో విశ్వమంతా పరుచుకున్న హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర తన జాడ వదిలింది. విశ్వం వ్యాకోచిస్తూ ఆ తరంగాల్ని సాగదీయడంతో, అవి మనల్ని చేరేసరికి 30 మెగాహెర్ట్జ్ పరిసరాలకు దిగిపోయాయి. అక్కడ భూమి అయనోస్ఫియర్, అంటే వాతావరణం పైభాగంలోని విద్యుదావేశపు పొర, అడ్డు. తొలి నక్షత్రాల కాలపు సంకేతం కాస్త పైన దొరకొచ్చు గానీ, అది ఎఫ్‌ఎం స్టేషన్ల ఇరుగుపొరుగున ఉంటుంది! బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ వాళ్లు ఈ సంకేతం కోసం వెతికే 'సరస్' పరికరాన్ని అనంతపురం ప్రాంతంలోని టింబక్టు కలెక్టివ్ అనే గ్రామీణ సంస్థ దగ్గరకు మోసుకెళ్లింది ఈ రొద తప్పించుకోవడానికే. 2020లో దాని కొత్త రూపాన్ని కర్ణాటకలో నీళ్ల మీద తేలించారు కూడా.

అసలైన నిశ్శబ్దం మాత్రం చంద్రుడి అవతలి వైపే ఉంది. దాన్ని 'చీకటి వైపు' అనడం పొరపాటు. అక్కడా రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి. భూమికి మాత్రం ఎప్పుడూ కనబడదు. మధ్యలో దాదాపు 3,470 కిలోమీటర్ల రాతి గోళం. నాసా 1973లో పంపిన ఎక్స్‌ప్లోరర్ 49 ఉపగ్రహం చంద్రుడి చాటుకు వెళ్లినప్పుడల్లా భూమి రొద ఒక్కసారిగా పడిపోయింది.

ఈ చోటును కాపాడే నిబంధన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పుస్తకంలో ఉంది: భూమికి కనిపించే చంద్రుడి అంచు నుంచి 23.2 డిగ్రీలు దాటిన ప్రాంతంలో రేడియో ఖగోళశాస్త్రానికి చేటు చేసే ప్రసారాలు నిషిద్ధం. అంతరిక్ష పరిశోధనకు కావలసిన కొన్ని బ్యాండ్లకు మినహాయింపు ఉంది. చిక్కంతా అక్కడే అనిపిస్తుంది నాకు. అవతలి వైపు దిగిన నౌక భూమితో నేరుగా మాట్లాడలేదు. 2019లో చైనా చాంగ్'అ-4 దిగాలంటే ముందుగా మాటలు అటూ ఇటూ అందించే ఒక రిలే ఉపగ్రహం వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. వెళ్లే ప్రతివాడూ తన మాటకారిని వెంట తెచ్చుకుంటాడు. పైగా రొద పుట్టడానికి ప్రసారమే అక్కర్లేదు. స్టార్‌లింక్ ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్ నుంచి కారుతున్న తరంగాలను యూరప్‌లోని లోఫార్ టెలిస్కోపు పట్టేసినట్టు 2023లో తేలింది. అంటే మన ఎల్‌ఈడీ బల్బు కథే.

అందుకే ఆ తొలి కాలపు రేడియో సంకేతాల్ని వినడానికి అమెరికా పంపదలచిన లూసీ-నైట్ పరికరం పథకంలో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. దాన్ని అవతలి వైపు దింపాక, మోసుకొచ్చిన ల్యాండర్ శాశ్వతంగా ఆగిపోవాలి. ఆ తర్వాత పరికరం ఒంటరిగా, తన బ్యాటరీతో చంద్రుడి రాత్రులు గడుపుతూ వింటుంది.