నడకదారిలో పుట్టగొడుగులు: అపోహలు, వాస్తవాలు

తొలకరి మొదలైనప్పటి నుంచి కార్తికం దాకా దివాన్‌చెరువు అడవి అంచున, రాజమహేంద్రవరం చుట్టుపక్కల కాలువగట్ల వెంబడి, ఆసక్తి ఉన్నవారిని వెంటబెట్టుకొని పుట్టగొడుగులు చూపిస్తుంటాను. ఎంత అపురూపమైనది కనిపించినా ముందుగా వినబడే ప్రశ్న ఒక్కటే: "ఇది తినొచ్చాండి?"

అపోహ: ఉరిమితే పుట్టగొడుగులు పుడతాయి.

వాస్తవం: వాటిని పైకి తెచ్చేది ఉరుము వెంట వచ్చే వాన. మనకు కనిపించే గొడుగు ఒక కాయ వంటిది మాత్రమే. అసలు శిలీంధ్రం సన్నని దారాల అల్లికగా నేలలోనో చెక్కలోనో దాగి ఉంటుంది. చెదపుట్ట మీద మొలిచిన దాని కాడ పక్కన మట్టిని మెల్లగా తొలిస్తే, కాడ వేరులాగా సన్నబడుతూ, చెదపురుగులు తిండి కోసం పెంచుకునే శిలీంధ్రపు తోటదాకా దిగిపోయి కనిపిస్తుంది. పుట్టగొడుగు అని పేరు పెట్టినవారెవరో గాని పుట్టను దగ్గరగా చూసి పెట్టారు.

అపోహ: కూరలో వేసిన వెండి నాణెం నల్లబడకపోతే, వెల్లుల్లి రంగు మారకపోతే, పురుగు కొరికిన గుర్తుంటే నిర్భయంగా తినవచ్చు.

వాస్తవం: ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పరీక్ష కాదు. అమానిటా అనే పుట్టగొడుగుల్లో కొన్ని జాతుల్లో ఉండే అమాటాక్సిన్లనే విషాలు వెండిని నల్లబరచవు, ఉడికించినా నశించవు, వాటిని తిన్న నత్తకు ఏమీ కాకపోవచ్చు. తిన్న ఆరు గంటల తరువాత గాని, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటితే గాని వాంతులు, విరేచనాలు మొదలుకావు; అవి తగ్గి రోగి తేరుకున్నట్టు కనిపించే వేళలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అందుచేత అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మిగిలిన ముక్కలతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

మన ప్రాంతంలో చిక్కు ఎక్కడంటే, కుళ్లిన వరిగడ్డి మీద మొలిచే తినదగిన పుట్టగొడుగుకూ అమానిటాకూ మొగ్గ దశలో గుడ్డులాంటి రూపమే, ఎదిగాక కాడ మొదట్లో సంచే. తేడా తెలియాలంటే విచ్చుకున్న గొడుగును కోసి, దాని అడుగున ఉండే రేకులు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయాలి. తెల్లవారేసరికి రాలిన పొడి వరిగడ్డి రకానికి గులాబీ ఛాయలోనూ, అమానిటాకు తెల్లగానూ ఉంటుంది. తెల్ల కాగితం మీద తెల్లపొడి కనబడదు గనుక నేను సగం నల్లగా, సగం తెల్లగా ఉన్న కాగితం వాడతాను. పార్కు పచ్చికలో వలయంగా మొలిచే, గోధుమరంగు పొలుసులున్న పెద్ద తెల్ల గొడుగుల నుంచి ఆకుపచ్చ పొడి రాలితే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తిన్న కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు తెప్పిస్తుంది. అయితే పొడి రంగు ఒక ఆధారమే గాని, తినడానికి అనుమతి కాదు.

అపోహ: విషపు పుట్టగొడుగును ఊరికే ముట్టుకున్నా విషం ఎక్కుతుంది.

వాస్తవం: ఎక్కదు. చూసి, తరువాత చేతులు కడుక్కుంటే చాలు.

అపోహ: కొబ్బరిచెట్టు మొదట్లో మొలిచిన గట్టి గొడుగును నరికేస్తే తెగులు పోతుంది.

వాస్తవం: కోనసీమ తోటల్లో ఇది తరచుగా వినే మాట. ఆ గొడుగు గానోడెర్మా అనే తెగులు శిలీంధ్రానిది అయితే, అది బయటపడేనాటికే శిలీంధ్రం వేళ్లను, మొదలును కుళ్లబెట్టి ఉంటుంది. గొడుగును తీసి కాల్చడం మంచిదే, కాని ముందుగా చూడవలసింది కాండం అడుగుభాగంలో పగుళ్ల నుంచి కారే ఎర్రగోధుమ రంగు జిగురును. దాన్ని గమనించిన రైతుకు పక్కచెట్ల వేళ్లను కందకం తవ్వి వేరుచేసే వ్యవధి ఇంకా మిగిలి ఉంటుంది.