అమెరికాలో క్లినికల్ సైకాలజీ ఇంటర్న్‌షిప్: అపోహలు – వాస్తవాలు

మొన్న సంక్రాంతి సంబరాల్లో పులిహోర లైన్లో ఒకావిడ అడిగారు: "మా అమ్మాయి సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోందండీ. ఇంటర్న్‌షిప్ అంటే సమ్మర్లో చేసేదేగా?" మన ఇళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ కదా, ఇంటర్న్‌షిప్ అనగానే మూడు నెలలు, ఓ కంపెనీ టీషర్టు గుర్తొస్తాయి. నేనిక్కడ ఒక ఆసుపత్రిలో ఇంటర్న్‌లకు సూపర్‌వైజర్‌ని. తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: అది సమ్మర్లో అయిపోయే పని.

వాస్తవం: ఏడాది ఫుల్‌టైమ్. సగం టైమ్ చేస్తే రెండేళ్లు. క్లాసులు, ప్రాక్టికమ్‌లు (చదువుతూనే క్లినిక్‌లో చేసే పార్ట్‌టైమ్ శిక్షణ) అయ్యాక చేస్తారు. ఇది పూర్తి కాకపోతే డిగ్రీ చేతికి రాదు. స్టైపెండ్ ఉంటుంది, దాన్ని జీతమని మాత్రం అనుకోకండి.

అపోహ: సీటు యూనివర్సిటీయే ఇప్పిస్తుంది.

వాస్తవం: మ్యాచ్ ఇప్పిస్తుంది. ఇంటర్వ్యూలయ్యాక విద్యార్థి తనకు నచ్చిన చోట్లను వరసపెట్టి రాస్తాడు, మేమూ విద్యార్థులను వరసపెడతాం. రెండు జాబితాలనూ కంప్యూటర్ జత చేస్తుంది. ఇంటర్న్‌షిప్ ఇచ్చే కేంద్రాల సంఘమైన 'ఏపిక్' 1999లో ఈ పద్ధతి తెచ్చింది. అంతకుముందు సీట్లు ఖరారయ్యే రోజంతా ఫోన్ దగ్గర కాపలా! ఫలితం వచ్చాక "వేరే ఊరు ఇవ్వండి" అంటే కుదరదు. మ్యాచ్ మొదటి విడతలో (ఫేజ్ 1) మిగిలిపోయినవాళ్లకు రెండో విడత (ఫేజ్ 2) ఉంది.

అపోహ: ఇంటర్న్ సీనియర్ పక్కన కూర్చుని చూస్తుంటాడు.

వాస్తవం: తనే పేషెంట్లను చూస్తాడు. ఏపిక్ నిబంధన ప్రకారం పనివేళల్లో కనీసం 25 శాతం పేషెంట్లతో నేరుగా గడవాలి. డిప్రెషన్ వార్డు, న్యూరోసైకాలజీ టెస్టింగ్ (జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటి మెదడు పనితీరు పరీక్షలు), నొప్పి క్లినిక్ లాంటివి రొటేషన్లుగా మారుతుంటాయి. వాటి పక్కనే సెమినార్లు. కానీ అసలు చదువంతా సూపర్‌విజన్ గదిలోనే, అంటే ఇంటర్న్ చూసిన కేసులను సూపర్‌వైజర్‌తో కూర్చుని చర్చించే చోట. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపున్న చోట సూపర్‌విజన్ వారానికి కనీసం 4 గంటలు. అందులో 2 గంటలు లైసెన్స్ ఉన్న సైకాలజిస్ట్‌తో విడిగా.

ఆ గదిలో ఏం జరుగుతుందంటే: పేషెంట్ అనుమతితో చేసిన రికార్డింగ్ వింటున్నాం. "నిద్ర పట్టట్లేదు... ఫర్వాలేదు లెండి" అన్నాడాయన. మా ఇంటర్న్ వెంటనే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. నేను ఆపాను. "ఆ 'ఫర్వాలేదు' దగ్గర ఎందుకు ఆగలేదు?"

"ఫారంలో ఇంకా 11 ప్రశ్నలున్నాయి."

నిజాయితీగా చెప్పింది, నాకు నచ్చింది. తర్వాతి వారం ఫారం పక్కన పెట్టి ఆ ఒక్క మాట గురించే అడిగింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు.

అపోహ: ఒకసారి చేరితే పాసైనట్టే.

వాస్తవం: ఏడాదిలో కనీసం రెండుసార్లు రాతపూర్వకంగా మూల్యాంకనం చేస్తాం. ఎక్కడ వెనకబడ్డాడో ముందే చెప్పి, సరిదిద్దుకునే ప్లాన్ ఇవ్వడం మా బాధ్యత. మా అంచనా తప్పనిపిస్తే ఫిర్యాదు చేసే దారీ ఉండాలి.

అపోహ: అయిపోతే లైసెన్స్, మందులు రాసే అధికారం వచ్చేస్తాయి.

వాస్తవం: లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది. సైకాలజిస్టుల లైసెన్స్ పరీక్ష ఈపీపీపీ రాయాలి, చాలాచోట్ల డాక్టరేట్ తర్వాత మరిన్ని గంటల అనుభవం చూపాలి. మందులంటారా, న్యూ మెక్సికో, లూసియానా లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే, అదీ వేరే శిక్షణ తీసుకున్నవాళ్లకే. మా నాన్న మాత్రం బీపీ మాత్ర మార్చాలా వద్దా అని ఇప్పటికీ నన్నే అడుగుతారు.