నాలుగు స్వరాల తగవు

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు ముందు ఎవరో ఒకరు ‘రాగ సృష్టికర్త’ అని రాస్తారు. రాగాన్ని మనిషి సృష్టిస్తాడా అని ఇంకొకరు అందుకుంటారు. 2016 నవంబరు 22న ఆయన కన్నుమూశారు గానీ ఈ వాదం మాత్రం పోలేదు. శంకరగుప్తంలో పుట్టడం, పసితనంలోనే కచేరీ చేయడం, ‘బాల’ అన్నది పేరులో కలిసిపోవడం తెలియని తెలుగువాళ్లు తక్కువ. అవి వదిలేద్దాం, తగవు మూలం అక్కడ లేదు.

72 మేళకర్తల్లో, అంటే ఏడు స్వరాల మూల రాగాలన్నిటిలో, కృతులు రాయడంలోనూ లేదు. కుర్రతనంలో చేసిన ఆ పని 1952లో ‘జనకరాగ కృతిమంజరి’గా అచ్చయింది. మేళకర్తలు పట్టికలో ఉన్నవే, కృతులే కొత్తవి. దానికి అభ్యంతరం చెప్పేదేముంది? ఆ పట్టిక గీత దాటి అవతల అడుగు పెట్టినప్పుడు వచ్చింది చిక్కు.

గీత ఇదీ. మేళకర్త నుంచి పుట్టిన జన్యరాగానికి ఐదు స్వరాలైనా ఉండాలి. ఐదుంటే ఔడవం, ఆరుంటే షాడవం, ఏడుంటే సంపూర్ణం. ఆరోహణలో, అవరోహణలో వీటిని ఎన్ని రకాలుగా కలపవచ్చో లెక్కగట్టి, మేళానికి 483 చొప్పున మొత్తం 34,776 రాగాలు అని పాఠాల్లో చెబుతారు. (పరీక్ష కోసం సంగీత విద్యార్థులు బట్టీపట్టే అంకె ఇది.) అంత లెక్కలోనూ బాలమురళి రాగం ‘మహతి’కి చోటు లేదు. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, ఈ నాలుగే. ‘లవంగి’లో గాంధార పంచమ నిషాదాలు లేవు. ‘సర్వశ్రీ’కి వచ్చేసరికి స, మ, ప మూడే మిగిలాయి. కాబట్టి పట్టికలో పడి ఉన్నదానికే పేరు పెట్టి తనదన్నాడనే విమర్శ వీటికి అతకదు.

1975లో మహతి సినిమాకెక్కింది. ‘అపూర్వ రాగంగళ్’ కోసం ఎం.ఎస్. విశ్వనాథన్ కట్టి, ఏసుదాసు పాడిన పాట ఎత్తుగడ ఇందులోదే. సభల్లో కొందరికే తెలిసిన రాగం రేడియోల్లో వినిపించింది. 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ బాలమురళికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఈ రాగాలు బాలమురళి సృష్టి అన్నదానికి 1980ల మొదట్లో వీణ ఎస్. బాలచందర్ బాహాటంగా ఎదురుతిరిగారు. గొడవ పత్రికలకెక్కింది.

ఆ పక్షం వాదన చిన్నదేం కాదు. స్వరాలు పేర్చితే వరుస అవుతుంది గానీ రాగం కాదు. నోళ్లలో నలిగి, గమకాలూ (స్వరాన్ని ఊపే తీరులూ) జీవస్వరాలూ (రాగానికి ప్రాణం పోసే స్వరాలూ) కుదిరితేనే రాగం. ఇవాళ్టికీ మహతిని కచేరీలో విస్తారంగా పాడే రాగం తానం పల్లవికి ఎత్తుకునేవాళ్లు అరుదే. విచిత్రమేమిటంటే, గురువు లేకుండా వీణ పట్టి, 1954లోనే పాటల్లేని తమిళ సినిమా తీసిన బాలచందర్ ఇక్కడ సంప్రదాయం వైపు నిలబడ్డారు.

నోళ్లలో నలగాలన్న షరతును వెనక్కి తీసుకెళ్లి చూడండి. కదనకుతూహలం పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌ది, హంసధ్వని రామస్వామి దీక్షితులది అని అందరూ ఒప్పుకుంటారు. త్యాగరాజు ఒకే ఒక్క కృతితో నిలబెట్టిన రాగాలున్నాయి. ఆ కృతి పుట్టిన రోజున అవి ఎన్ని తరాలు చూశాయి? త్యాగరాజు నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర బాలమురళి. ఈ గురుపరంపరలో వచ్చినవాడు కొత్త స్వరాల వరుసకు పేరొక్కటే పెట్టి ఊరుకోలేదు, కృతి కట్టి పాడాడు. లక్ష్యం, అంటే పాడిన పాట, చేతికిచ్చాడు; లక్షణం, అంటే దాని వ్యాకరణం, రాసుకునే పని శాస్త్రజ్ఞులకు వదిలాడు. రాగాలు ఎప్పుడూ అలాగే కదా వచ్చాయి!

ఇక ఐదు స్వరాల గీత. అది చాలా పాతది. నాలుగు, అంతకు తక్కువ స్వరాలది మార్గ (శాస్త్రబద్ధ) సంగీతం కాదని ప్రాచీన సంగీత శాస్త్రకారుడు మతంగుడు ‘బృహద్దేశి’లో తీర్పు చెప్పాడు. అవి ఎవరు పాడుకుంటారో కూడా వరసగా రాశాడు. శబరులు, పుళిందులు, కాంభోజులు, వంగులు, కిరాతులు. ఆ వరసలోనే కాస్త ముందుకెళితే ఆంధ్రులు.