చిలుకూరు ప్రదక్షిణల లెక్క

"చిలుకూరు బాలాజీ గుళ్లో ఎవరిని కదిలించినా వీసా వచ్చిందనే అంటున్నారు. ఏమీ లేకుండానే ఇంతమంది చెబుతారా?" ఇదీ ఒక పాఠకురాలి ప్రశ్న.

దీనికి మనస్తత్వశాస్త్రం ఇచ్చే మామూలు జవాబు ఒకటుంది: ఫలితం తన చేతిలో లేనప్పుడు మనిషి మొక్కుకుంటాడు. పపువా న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల జాలర్లు లోతు తక్కువ మడుగుల్లో మంత్రాల జోలికి పోరనీ, నడిసముద్రానికి వెళ్లేటప్పుడే వాటిని పట్టించుకుంటారనీ మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ రాశాడు. హేతువాద ఉపన్యాసాల్లోనైతే 1948 నాటి స్కిన్నర్ పావురాలు (ఏం చేసినా చేయకపోయినా గింజలు పడుతుంటే, అప్పుడు చేస్తున్న పనివల్లే పడ్డాయన్నట్టు దాన్నే మళ్లీ మళ్లీ చేశాయని ఈ మనస్తత్వవేత్త చెప్పినవి) తెగ ఎగురుతాయి. అదే ప్రయోగాన్ని 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ మళ్లీ చేసి, స్కిన్నర్ చెప్పిన కారణాన్ని చాలావరకు కాదన్నారని మాత్రం ఆ వేదికల మీద ఎవరూ చెప్పరు. అయినా ఆమె అడిగింది మొక్కు ఎందుకని కాదు, తన కళ్లతో చూసిన దాని గురించి. తిరకాసంతా ఆ చూడటంలోనే ఉంది.

కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హుండీ లేని గుడి కాబట్టి మొక్కంతా కాళ్లతోనే చెల్లించాలి. లెక్క తప్పకుండా అంకెల గళ్లున్న కార్డు పట్టుకుని, చుట్టుకో గడి కొట్టేస్తూ నడుస్తారు.

ఊరికే కొన్ని అంకెలు వేసుకుందాం. 1000 మంది మొక్కుకున్నారు. మొక్కుతో పనిలేకుండానే నూటికి 60 మందికి వీసా వస్తుందనుకుంటే, 600 మంది. అందులో సగమే తిరిగొచ్చి మొక్కు తీర్చుకున్నారు: 300. చుట్టుకు ఒక నిమిషం. మొక్కుకోవడానికి పట్టిన సమయం 1000 × 11, అంటే 11,000 నిమిషాలు. తీర్చుకోవడానికి పట్టింది 300 × 108, అంటే 32,400. మొత్తం 43,400లో ఇది దాదాపు 75 శాతం. రోజూ ఇదే వరసలో జనం వస్తుంటే, మీరు ఎప్పుడు వెళ్లినా తిరుగుతున్న నలుగురిలో సగటున ముగ్గురు వీసా వచ్చినవాళ్లే. నాలుగో మనిషికి సంగతి ఇంకా తేలలేదు. వీసా రాని 400 మంది మళ్లీ మొక్కుకోవడానికి వస్తే తప్ప అక్కడ కనిపించరు.

60 బదులు 20 పెట్టండి. 200 మందికి వీసా, 100 మంది తిరిగొచ్చారు, 10,800 నిమిషాలు. 11,000తో ఇంచుమించు సమానం! అయిదుగురిలో నలుగురికి వీసా దక్కని రోజుల్లో కూడా, గుడి చుట్టూ తిరిగేవాళ్లలో సగం మంది "వచ్చింది" అనే చెబుతారు. చుట్టుకు నిమిషం కాక మూడు నిమిషాలు పట్టినా వాటా మారదు. పని చేసేది 11కీ 108కీ ఉన్న నిష్పత్తి.

ఓడ మునిగినా మొక్కుకుని బతికినవాళ్ల పటాలు చూపిస్తే, గ్రీకు నాస్తికుడు డయాగొరస్ "మునిగిపోయినవాళ్ల పటాలు ఏవీ?" అన్నాడని సిసిరో రాశాడు. చిలుకూరులో అంతకుమించి జరుగుతోంది: బతికినవాళ్లు పటం తగిలించి వెళ్లిపోకుండా, పది రెట్ల సేపు మన కళ్లముందే తిరుగుతున్నారు.

కొందరే ఎక్కువగా కంటపడే ఇలాంటి పక్షపాతానికి గణాంకశాస్త్రంలో పక్కా చట్రం కట్టినవాడు సి.ఆర్. రావు. 1965 నాటి పని అది. ఆయన పేరిట సంస్థ మన గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. ఒక హాల్లో ఉన్నవాళ్లను "మీరు ఎంతమంది తోబుట్టువులు?" అని అడిగితే సగటు ఎక్కువ చూపిస్తుంది. ఆరుగురు పిల్లలున్న ఇంటి నుంచి ఎవరో ఒకరు దొరికే అవకాశం ఎక్కువ. పిల్లల్లేని ఇంటి నుంచి జవాబు చెప్పేవాళ్లే ఉండరు. వీసా రానివాళ్లది ఆ ఇంటి పరిస్థితే. సంభావ్యత అనగానే సంచీలో ఎర్ర బంతులు, తెల్ల బంతులు తీసే మేష్టార్లు ఒక్కసారి ఈ లెక్క చెప్పించి చూడొచ్చు.

సరిగ్గా తేల్చాలంటే 11 తిరిగేవాళ్లనే పట్టుకోవాలి. ఇంటర్వ్యూ తేదీ, వీసా రకం రాసుకుని, తర్వాత ఫోన్ చేయాలి. వీసా రానివాళ్లే ఎక్కువగా ఫోన్ ఎత్తరు కాబట్టి, ఎత్తనివాళ్లను లెక్కలోంచి తీసేస్తే పాత తప్పే తిరిగొస్తుంది. మొదటి ఇంటర్వ్యూ ఫలితమే తీసుకోవాలి. మొక్కుకు గడువు లేదు మరి: 60 శాతం అవకాశంతో రెండుసార్లు ప్రయత్నిస్తే నూటికి 84 మందికి వస్తుంది, అదంతా స్వామి ఖాతాలో పడుతుంది. పోల్చడానికి అదే కాన్సులేట్‌లో, అదే నెలలో, అదే రకం వీసాకు వెళ్లి మొక్కుకోనివాళ్లు కావాలి. అప్పుడు కూడా మొక్కుకునేవాళ్లూ మానేవాళ్లూ ఒకే రకం మనుషులు కాకపోవచ్చు. ఆ తేడా పోవాలంటే ఎవరు మొక్కుకోవాలో, ఎవరు మానాలో చీటీలు వేసి తేల్చాలి. "మానాలి" అన్న చీటీ వచ్చినా ఇంటర్వ్యూ ముందురోజు గండిపేట దారి పట్టకుండా ఆగే భక్తుణ్ని వెతకడమే కష్టం.