ఊళ్లో సైన్స్ చెప్పడం: అపోహలు – వాస్తవాలు

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ గురించి, అంటే బోరు నీళ్లలో మోతాదు మించితే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే లవణం గురించి, మాట్లాడటం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చే డిగ్రీ పిల్లలకు నీళ్ల పరీక్ష ఒక్క పూటలో వచ్చేస్తుంది. వచ్చిన ఫలితాన్ని ఊరికి చెప్పడం దగ్గరే తడబడతారు. అందుకు కారణం ఈ అపోహలే.

అపోహ: జనానికి ఏమీ తెలియదు, మనం చెబితేనే తెలుస్తుంది.

వాస్తవం: మనం పోకముందే ఊళ్లో ఆడవాళ్లు ప్రతి బోరు నీళ్లనూ పరీక్ష చేసి ఉంటారు. పప్పు ఉడుకుతుందా, సబ్బు నురగ వస్తుందా, నాలుకకు ఉప్పగా తగులుతుందా అని. ఆ పరీక్ష తప్పు కాదు. కాకపోతే అది పట్టేది నీటి కాఠిన్యాన్ని, ఉప్పును. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. పైగా నీటికి కాఠిన్యం తెచ్చే కాల్షియం తక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండగలదు. అంటే పప్పు మెత్తగా ఉడికే నీళ్లలోనే అది ఎక్కువ ఉండొచ్చు! ఇది తెలుసుకోకుండా "మీ బోరు నీళ్లు మంచివి కావు" అంటే ఎవరు నమ్ముతారు? వాళ్ల పరీక్షను ఒప్పుకుని, అది దేన్ని పట్టలేదో చూపించాలి. ఒక గొట్టంలో బోరు నీళ్లు, ఇంకో గొట్టంలో నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు పోసి, ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌లోని మందు చుక్కలు వాళ్ల చేతనే వేయించండి. నల్లా నీళ్లు గులాబీ రంగులోనే ఉండి, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు పసుపుకు తిరిగితే ప్రశ్నలు వాళ్లే మొదలుపెడతారు.

అపోహ: అంకె చెబితే చాలు.

వాస్తవం: లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే 1.5 వరకు ఉండొచ్చని మన దేశ ప్రమాణం. నీడపట్టున ఉండి రెండు లీటర్లు తాగే మనిషికి ఆ 1.5 లెక్కన రోజుకు 3 మిల్లీగ్రాములు. మే ఎండలో ఉపాధి పనికి పోయి ఐదు లీటర్లు తాగే మనిషికి 7.5. ఈ లెక్క వాళ్ల ముందే వేయండి.

అపోహ: భయపెడితేనే వింటారు.

వాస్తవం: వంగిపోయిన కాళ్ల ఫొటోలు తెరమీద వేయడం నాకు అస్సలు నచ్చదు. అలాంటి కాళ్లున్నవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉంటారు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు అంటురోగం కాదు, వంశపారంపర్యమూ కాదని ముందు గట్టిగా చెప్పాలి. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లకు ఆ మాట చాలా అవసరం. ఎముకల్లో వచ్చిన వంకర నీళ్లు మార్చినంత మాత్రాన పోదని దాచకూడదు కూడా. ఆ వెంటనే చేయగలిగింది చెప్పాలి: ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పళ్ల పైపూత తయారయ్యే వయసు, కాబట్టి ముందు వాళ్ల నీళ్లు మార్చాలి. తాగడానికే కాదు, వంటకూ నల్లా నీళ్లే వాడాలి.

అపోహ: "అర్థమైందా" అంటే తలూపారు, పని అయిపోయింది.

వాస్తవం: మర్యాదకు అందరూ తలూపుతారు. "ఇంటికి పోయి మీ అత్తమ్మకు ఎట్ల చెప్తవు చెల్లె?" అని అడగండి. "నీళ్లు కాచి తాగమన్నరు" అని జవాబొస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే. కాస్తే క్రిములు చస్తాయి గానీ, నీళ్లు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ గిన్నెలోనే ఇంకాస్త చిక్కబడుతుంది.